పెట్టుకోవడం, తీసెయ్యడం

సూత్రాల తాడు తెగిపోతే మన ఇళ్ళల్లో 'తెగింది' అనరు, 'పెరిగింది' అంటారు. దీపం ఆరిపోతే కొండెక్కిందనీ, బియ్యం అయిపోతే నిండుకున్నాయనీ అన్నట్టే ఇదీనూ. తెగడమన్న మాటను ఆ తాడు దగ్గర పలకడానిక్కూడా భయపడే భాష మనది. ఇక ఒక ఆడమనిషి తన ఒంటిమీది వస్తువును తన ఇష్టంతో తీసి పక్కన పెట్టడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అదే భాషలో ఇవాళ గాజుల దుకాణం, చెప్పుల షాపు, లిప్‌స్టిక్ ప్రకటన అన్నీ కలిసి 'మీ స్టయిల్ మీ ఇష్టం' అంటున్నాయి. ఈ ఇష్టం మనకెప్పుడు వచ్చింది? మనలో ఎవరికి వచ్చింది? ఎవరికింకా రాలేదు?

పీహెచ్‌డీ కోసం ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వచ్చిన తెలుగు స్త్రీల పత్రికలు చదివేటప్పుడు, నా నోట్సు పుస్తకంలో నగలకీ, బొట్టుకీ, చెప్పులకీ, పౌడర్లకీ విడిగా కొన్ని పేజీలు కేటాయించుకున్నాను. విద్యే నిజమైన భూషణమని ఆనాటి రచయిత్రులూ రచయితలూ కలిసి చెప్పిన మాటలతో ఆ పేజీలు త్వరగానే నిండాయి. అయితే చదువుతున్నకొద్దీ నా దృష్టి వస్తువుల మీంచి క్రియల మీదికి మళ్ళింది. పెట్టుకోవడం, పెట్టించుకోవడం, తీసెయ్యడం, తీయించడం. గాజు ఒకటే. కానీ ఈ నాలుగు క్రియల్లో ఏది వాడామన్న దాన్ని బట్టి ఆ గాజు చరిత్ర మారిపోతోంది. అలంకరణ బానిసత్వమా, స్వేచ్ఛా అని మనం చాలాకాలంగా వాదించుకుంటూనే ఉన్నాం. నా ఉద్దేశంలో ఆ ప్రశ్నకు జవాబు వస్తువులో దొరకదు. ఆ వస్తువును పెట్టమనే, తీయమనే అధికారం ఎవరి చేతిలో ఉందన్న దగ్గరే దొరుకుతుంది.

తీయించడం

అన్నిటికన్నా పాత క్రియ ఇదేననిపిస్తుంది. పసుపు, కుంకుమ, పూలు, గాజులు, మట్టెలు, నల్లపూసలు. ఇవి ముత్తయిదువ లక్షణాలు. పెళ్ళిలో ఒకటొకటిగా పెడతారు. భర్త చనిపోయిన పదో రోజున ఒకటొకటిగా తీయిస్తారు. పెట్టడానికీ తీయడానికీ ముహూర్తాలున్నాయి, పెద్దలున్నారు, మంత్రాలున్నాయి. పెట్టించుకునే మనిషి అభిప్రాయం అడిగే చోటు మాత్రం ఆ తంతులో ఎక్కడా లేదు. అలంకరణ అంటే ఆమె తన గురించి చెప్పుకునే మాట కాదు. ఆమె భర్త బతికున్నాడని లోకానికి తెలియజేసే బోర్డు.

బ్రాహ్మణ కుటుంబాల్లో దీనికి శిరోముండనం కూడా తోడయ్యేది. పండిత రమాబాయి 1887లో ఇంగ్లీషులో ప్రచురించిన 'హై కాస్ట్ హిందూ వుమన్' పుస్తకంలో వితంతువుల జుట్టు తీయించే ఆచారం గురించి వివరంగా రాసింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. మన చరిత్ర పుస్తకాలు ఆ పెళ్ళిని సంస్కర్త ధైర్యానికి ఉదాహరణగా చెప్తాయి. నేను దాన్ని ఆ పిల్ల వైపు నుంచి కూడా చూస్తాను. నుదుటి మీదికి మళ్ళీ బొట్టు రావడం ఊరిని రెండుగా చీల్చేంత పెద్ద సంగతి అయిందంటే, బొట్టు ఎంత బరువైన వస్తువో అర్థమవుతుంది. 1890లో బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో మంగలివాళ్ళు వితంతువుల తలలు గొరగబోమని తీర్మానించుకున్నారు. సంస్కరణ చరిత్రలో దీనికి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు. తీయించే చెయ్యి తీయనంటే ఆచారం ఆగిపోతుందని శాస్త్రాలు చదివిన వాళ్ళకన్నా ముందు కత్తి పట్టుకున్న వాళ్ళకే తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి మర్చిపోకూడదు. తలలు గొరిగించిన ఈ చరిత్ర ఆడవాళ్ళందరి చరిత్ర కాదు. శ్రమ చేసుకుని బతికే కులాల్లో మారుమనువు ఉంది. అక్కడ ఆడదాని జుట్టు కన్నా ఆమె రెక్కల కష్టమే కుటుంబానికి ముఖ్యం. అయినా 'ముండ' అన్న తిట్టు మాత్రం అన్ని కులాల ఆడవాళ్ళనీ తగిలింది. తల గొరిగించుకున్న స్త్రీ అన్న అర్థంలోంచి పుట్టిన ఆ మాట ఇవాళ భర్త ఉన్నవాళ్ళనీ, పెళ్ళికానివాళ్ళనీ, చివరికి పసిపిల్లల్నీ తిట్టడానికి పనికొస్తోంది. ఆచారం పోయాక కూడా తిట్టు మిగిలింది.

ఇదంతా పాతకాలం సంగతి అనుకోడానికి లేదు. 2009లో మా పెదనాన్న పోయినప్పుడు పదోరోజు తంతుకి పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఆమె మీటింగులకు వెళ్ళే మనిషి కాదు, స్త్రీవాదం అన్న మాట కూడా వినలేదు. "ఆయన కొన్న గాజులు కాదు, మా అమ్మ వేసినవి. పెళ్ళికి ముందు నుంచీ ఉన్నాయి" అంది అంతే. వచ్చిన చుట్టాల్లో సగంమంది భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. 2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ గ్రామసభ, భర్త చనిపోయిన స్త్రీ గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మట్టెలు తీయించడం తమ ఊళ్ళో ఇక ఉండకూడదని తీర్మానం చేసింది. ఆ ప్రభుత్వం మిగతా గ్రామాలు కూడా అలాగే చెయ్యాలని సర్క్యులర్ ఇచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు పెద్దమ్మ చెప్పిన ఆ ఒక్క వాక్యమే గుర్తొచ్చింది. మనిషి మనిషికీ విడివిడిగా ఆ వాక్యం అనే ధైర్యం ఉండాలని కోరుకోవడం అన్యాయం. ఊరు తీర్మానం చెయ్యాలి.

తీసెయ్యడం

ఇరవయ్యో శతాబ్దం మొదటి పాతికేళ్ళలో మన దేశంలో మూడు చోట్ల ఆడవాళ్ళు నగలు తీసేశారు. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది.

మొదటిది బెంగాల్లో, అక్షరాల్లో. రొకేయా సఖావత్ హుసేన్ 1904 ప్రాంతంలో స్త్రీజాతి దిగజారిపోవడం గురించి రాసిన వ్యాసంలో నగల్ని బానిసత్వపు గుర్తులుగా చూపించింది. ఖైదీల సంకెళ్ళకీ మన బంగారు కడియాలకీ, పశువులకు వేసే ముకుతాడుకీ మన ముక్కుపుడకకీ తేడా లోహంలోనే తప్ప పనిలో లేదన్నది ఆమె వాదన. అప్పటికామె వయసు పాతికేళ్ళలోపే. ఆ వ్యాసం పెద్ద గొడవ రేపింది. పుస్తకంలోకి వచ్చేటప్పటికి అందులోని కొన్ని పేరాలు మాయమయ్యాయి. ఒకామె నగలు తీసెయ్యమన్నందుకు ఆమె పేరాలు తీసెయ్యాల్సొచ్చింది.

రెండోది తిరువాన్కూరులో, వీధిలో. అక్కడ పులయ కులం ఆడవాళ్ళు బంగారం, వెండి పెట్టుకోకూడదు. మెడలో రాళ్ళ పూసల దండలు వేసుకోవాలి. 'కల్లుమాల' అనే ఆ దండ నగ కాదు, కులం చీటీ. అయ్యంకాళి పిలుపు మీద వాళ్ళు వాటిని తీసెయ్యడం మొదలుపెడితే 1915లో కొల్లం దగ్గర పెరినాడు ప్రాంతంలో దళితుల మీద దాడులు జరిగాయి, ఇళ్ళు తగలబడ్డాయి. ఆ డిసెంబరులో కొల్లంలో జరిగిన పెద్ద సభలో స్త్రీలు మెడల్లోని రాళ్ళదండలు తెంచి వేదిక దగ్గర కుప్పపోశారు. రొకేయా తీసెయ్యమన్నది గౌరవం పేరుతో ఇచ్చిన నగని. వీళ్ళు తీసేసింది అవమానం కోసం వేయించిన నగని. తీసేశాక తమకు నచ్చింది పెట్టుకునే హక్కు కూడా వాళ్ళ పోరాటంలో భాగమే. అందుకే బానిసత్వపు గుర్తు అన్న మాట ఈ ఇద్దరి విషయంలోనూ నిజమే అయినా, దాని అర్థం మాత్రం ఒకటి కాదు.

మూడోది మన కాకినాడలో. 1921 ఏప్రిల్లో గాంధీ వచ్చినప్పుడు పన్నెండేళ్ళు కూడా నిండని దుర్గాబాయి, దేవదాసీ స్త్రీలకీ ముస్లిం స్త్రీలకీ ఆయనతో విడిగా సభ ఏర్పాటు చెయ్యాలని పట్టుబట్టింది. దానికి అయిదు వేల రూపాయలు నిధి పోగు చెయ్యమని పెద్దలు షరతు పెట్టారు. ఆ డబ్బు సమకూర్చింది దేవదాసీ స్త్రీలే. సభలో ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి గాంధీకి ఇచ్చారు. దుర్గాబాయి తన బంగారు గాజులు ఇచ్చింది. ఈ సంఘటనను మనం త్యాగం అన్న మాటతో ముగిస్తాం. కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే, ఆనాడు తన నగ పూర్తిగా తనదే అని చెప్పుకోగలిగిన స్త్రీ ఎవరు? కుటుంబ స్త్రీ ఒంటిమీది బంగారం అత్తవారి గౌరవం, పుట్టింటి లెక్క. ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చే కళావంతుల ఇళ్ళల్లో మాత్రం స్త్రీ సంపాదన స్త్రీదే. అంటే ఆ సభలో నిజంగా తమ సొంతమైంది తీసిచ్చింది, సమాజం వెలివేసిన ఆ స్త్రీలే. మనం స్మరించుకునేది మాత్రం దుర్గాబాయి గాజుల్నే.

నిజానికి జాతీయోద్యమం ఆడవాళ్ళకి నగలు తీసే అవకాశం ఇచ్చింది. ఇంట్లో తీస్తే అరిష్టం, సభలో తీస్తే దేశభక్తి. ఆ కాస్త సందులోంచి చాలామంది బయటికొచ్చారు. అయితే తీసిన చేతికి ఇంకో అలంకరణ సిద్ధంగానే ఉంది. ఖద్దరు చీర, నిరాడంబరత, పవిత్రత. సింగారించుకున్న స్త్రీని అనుమానంగా చూసే చూపు అక్కడ బలపడింది. చదువుకున్న స్త్రీ, ఉద్యమ స్త్రీ సాదాగా ఉండాలన్న రాయని చట్టం తర్వాత వామపక్ష సంఘాల్లోకీ, మన స్త్రీవాద సమావేశాల్లోకీ కూడా వచ్చి కూర్చుంది. లిప్‌స్టిక్ వేసుకొచ్చిన పరిశోధక విద్యార్థిని సీరియస్‌గా తీసుకోని సెమినార్ హాళ్ళు నాకు తెలుసు. మాట్లాడుతున్న అమ్మాయి పేపరు కన్నా ముందు ఆమె హీల్స్ వైపు చూసే చూపులు మగవాళ్ళవే కానక్కర్లేదు.

కంకణం

1928లో మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి 'గృహలక్ష్మి' పత్రిక మొదలుపెట్టారు. స్త్రీలు విరివిగా రాసిన పత్రిక అది. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' అందులోనే వచ్చాయి. కేసరి కుటీరం వారి 'లోధ్ర' అనే స్త్రీల మందు ఆ పత్రిక వెనకున్న వ్యాపారం. ఆడవాళ్ళ ఆరోగ్యం, ఆడవాళ్ళ అందం, ఆడవాళ్ళ రచన ఒకే కప్పు కింద చేరడం తెలుగులో అలా జరిగింది. ఉత్తమ రచయిత్రులకు ఆ పత్రిక ఇచ్చిన సన్మానం పేరు గృహలక్ష్మి స్వర్ణకంకణం. 1934లో మొదటి కంకణం అందుకున్నది వరలక్ష్మమ్మే.

దీని గురించి ఆలోచించినప్పుడల్లా నాకు రెండు భావాలు కలుగుతాయి. పురుషుడైన కవికి గండపెండేరం తొడిగినట్టు రచయిత్రికి కంకణం తొడగడం గొప్ప గౌరవమే. అందులోనూ భర్తతో సంబంధం లేకుండా, ఆమె రాసిన రాతకి వచ్చిన నగ అది. తెలుగు స్త్రీ చేతికి అలాంటి బంగారం అంతకుముందు ఎన్నిసార్లు వచ్చి ఉంటుంది? మరోవైపు, ఆమెను సత్కరించడానికి పత్రికకు తోచింది మళ్ళీ గాజే, ఆ గాజు పేరులో మళ్ళీ గృహలక్ష్మే. చేతికి గాజులు తొడుక్కున్నావా అని మగవాణ్ణి చేతకానితనానికి వెక్కిరించే భాషలో, రాయగలిగిన చేతికి గాజు బహుమతి అయింది. వెక్కిరింతకు అది జవాబు కూడా అయిందనుకుంటే తప్పులేదు.

నగను ఆడవాళ్ళు ఎందుకు వదులుకోరన్న ప్రశ్నకి మనం సంస్కృతిలో జవాబు వెతుకుతాం. దాన్ని ఆస్తి చట్టంలో కూడా వెతకాలి. భూమి కొడుకులకి, బంగారం కూతుళ్ళకి అన్నది మన ఇళ్ళ పాత పంపకం. కూతురికి ఎకరమో అరెకరమో ఇచ్చినా 'పసుపు కుంకుమ కింద' ఇచ్చామనే అన్నారు. భూమి కూడా ముత్తయిదువతనపు రూపంలోనే ఆమెను చేరింది. స్త్రీధనం స్త్రీ సొంతమేననీ, అడిగినప్పుడు భర్త తిరిగి ఇవ్వకపోతే అది నమ్మకద్రోహ నేరమనీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణతో పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. 2005లో కేంద్ర చట్టం దాన్ని కూతుళ్ళందరికీ విస్తరించింది. చట్టాలు మారినా మాట మారలేదు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్వాక్రా సంఘాల స్త్రీలకి పదివేల రూపాయల చొప్పున ఇచ్చిన పథకానికి పెట్టిన పేరు 'పసుపు-కుంకుమ'. ఆ సంఘాల్లో భర్త చనిపోయిన స్త్రీలున్నారు, వదిలేసి వచ్చిన స్త్రీలున్నారు, పసుపూ కుంకుమా వాడని మతాల స్త్రీలున్నారు. ఇది మన డబ్బే. అయినా చేతికందేటప్పుడు బొట్టు పెట్టించుకుని వచ్చింది.

కాలికి

నగల చరిత్ర ఎవరో ఒకరు రాస్తారు. చెప్పుల చరిత్ర రాయడం తక్కువ. ఒళ్ళంతా నగలు వేసిన సమాజం ఆడదాని కాలికి మాత్రం అందెలూ మట్టెలూ పెట్టి ఊరుకుంది. అవి మోగడానికీ గుర్తుపట్టడానికీ పనికొస్తాయి తప్ప నడవడానికి కాదు. 1880లలో మహారాష్ట్రలో ఆనందీబాయి జోషీ, కాశీబాయి కానిట్కర్ బూట్లు వేసుకుని గొడుగు పట్టుకుని వీధిలో నడిస్తే జనం రాళ్ళు విసిరారు. ఆ ఆనందీబాయే 1886లో అమెరికాలో వైద్య పట్టా తీసుకుంది. స్త్రీ చదివితే ఒకరికి కోపం వచ్చింది, బూటు వేసుకుంటే వీధికంతా కోపం వచ్చింది. చెప్పు, గొడుగు మగవాడి హోదాకి గుర్తులు. ఎండనీ ముల్లునీ తప్పించుకునే హక్కు కూడా హోదాయే.

మా అమ్మమ్మ పొలానికి వెళ్ళేటప్పుడు రచ్చబండ దాకా చెప్పులు చేత్తో పట్టుకుని, అది దాటాక కాళ్ళకి వేసుకునేదట. పెద్దమనుషుల ముందు చెప్పులతో నడవడం మర్యాద కాదు. మాది భూమి ఉన్న కుటుంబం. మా అమ్మమ్మ చెప్పులు చేత్తో పట్టుకున్నది ఆడమనిషి కాబట్టి. అదే ఊళ్ళో ఆ చెప్పులు కుట్టిచ్చిన మాదిగ ఇంటి మనుషులు మగా ఆడా అందరూ ఊరి వీధిలో చెప్పులు విప్పే నడవాలి. పశువు చర్మాన్ని శుద్ధి చేసి, ఊరందరి పాదాల కొలతలూ గుర్తుపెట్టుకుని, గింజల కోసం ఏడాది పొడుగునా కుట్టిన చేతులవి. తను చేసిన వస్తువును తన కాలికి వేసుకునే వీలు లేకపోవడం అన్న అనుభవానికి మన 'స్టయిల్' చర్చలో చోటెక్కడ? మా అమ్మమ్మ రచ్చబండ దాటాక చెప్పులేసుకుంది. వాళ్ళకి రచ్చబండ ఊరంతా ఉంది.

ఇది గతం కాదనడానికి సాక్ష్యం మన చట్టమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమలు చేశారు. దళితులు, ఆదివాసులు బహిరంగ ప్రదేశాల్లో చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, సైకిలో మోటారు సైకిలో ఎక్కకుండా అడ్డుకోవడాన్ని అందులో నేరంగా చేర్చారు. చెప్పుల దండ వెయ్యడం, బలవంతంగా తల గొరిగించడం కూడా ఆ సవరణలో నేరాలుగా ఉన్నాయి. ఇరవయ్యొకటో శతాబ్దంలో పార్లమెంటు కూర్చుని చెప్పులు వేసుకునే హక్కును రాసింది. వ్యక్తిగత అలంకరణ అంటే తేలిక విషయమనుకునేవాళ్ళకి నేను చూపించే పాఠం ఇది.

రబ్బరు చెప్పులు, హవాయి చెప్పులు చవగ్గా దొరకడం మొదలయ్యాక ఆడవాళ్ళ కాళ్ళకి చాలా ఊళ్ళల్లో మొదటిసారి చెప్పులొచ్చాయి. షాపులో కొన్న చెప్పుకి కులం పేరు చెప్పక్కర్లేదు. ధర చెల్లిస్తే చాలు. మార్కెట్టు ఇచ్చిన ఈ మేలును మేలుగానే ఒప్పుకోవాలి. అదే మార్కెట్టు మాదిగ పనితనాన్ని తుడిచిపెట్టిన సంగతి కూడా అదే వాక్యంలో చెప్పాలి.

2025 మేలో హైదరాబాద్ వేదికగా మిస్ వరల్డ్ పోటీలు జరిగాయి. పోటీదారులు రామప్ప గుడికి వెళ్ళినప్పుడు స్థానిక స్త్రీలు వాళ్ళ కాళ్ళమీద నీళ్ళు పోశారు, కొందరు తువ్వాళ్ళతో తుడిచారు. అతిథి మర్యాద అని సమర్థించినవాళ్ళున్నారు, అవమానమని మండిపడ్డవాళ్ళున్నారు. నాకు ఆ ఫొటోలో రెండు రకాల ఆడవాళ్ళ పాదాలు కనిపించాయి. ఒకరి పాదాలు ప్రపంచం చూడ్డానికి. ఇంకొకరి పాదాలు ఫొటోలో లేవు, వాళ్ళు వంగి ఉన్నారు.

ముఖానికి

సున్నిపిండి, పసుపు, ఆముదం దీపపు మసితో చేసిన కాటుక. ఇవి ఇంట్లో తయారైన సింగారాలు. బజారు నుంచి వచ్చినవి స్నో, పౌడరు. 1919లో బొంబాయిలో మొదలైన 'అఫ్గాన్ స్నో' మన అమ్మమ్మల తరానికి తెలిసిన పేరు. 1941లో లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించిన మొదటి భారతీయ సినిమా తార అయింది. 1952లో టాటాల నూనె మిల్లుల కంపెనీ 'లాక్మే' మొదలుపెట్టింది. విదేశీ సౌందర్య సాధనాల మీద మారకద్రవ్యం ఖర్చవుతోందన్న బెంగ దాని వెనక ఉంది. అంటే కొత్త దేశం లెక్కల్లో లిప్‌స్టిక్ కూడా ఒక పద్దు. లాక్మే ఒక ఫ్రెంచి సంగీత నాటకం పేరు. లక్ష్మి అన్న పేరుకి అది ఫ్రెంచి పలుకుబడి. గృహలక్ష్మి కంకణం తర్వాత పద్దెనిమిదేళ్ళకి లక్ష్మి పారిస్ మీదుగా తిరిగొచ్చి మన ముఖానికి రంగులు అమ్మింది. 1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' అమ్మింది మాత్రం రంగు మార్పును. తెల్లబడితే పెళ్ళి, తెల్లబడితే ఉద్యోగం అని నలభై అయిదేళ్ళు చెప్పాక, 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి 'గ్లో' పెట్టారు. పెట్టుకోవడం, తీసెయ్యడం కంపెనీలకి కూడా తెలుసు. ట్యూబు రంగు మాత్రం గులాబీయే.

ఈ మెరుపు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడాలి. ఐషాడోకీ లిప్‌స్టిక్‌కీ తళుకునిచ్చేది అభ్రకం, మన వాడుకలో కాకిబంగారం. నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతం ఒకప్పుడు దానికి పేరు పడ్డ చోటు. ఆ రాయిని పొరలు పొరలుగా చీల్చే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. జార్ఖండ్, బీహార్‌లలో అనుమతుల్లేని గనుల్లో పిల్లలు చనిపోతున్నారనీ, ఆ మరణాలు బయటికి రావడం లేదనీ 2016లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. హైదరాబాద్ లాడ్‌బజార్ లక్కగాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజుల మీద ఒక్కో రాయీ అద్దేవాళ్ళలో పాతబస్తీ ఇళ్ళల్లో కూర్చుని, డజన్ల లెక్కన కూలి తీసుకునే ముస్లిం స్త్రీలున్నారు. గుర్తింపు గాజుకి వచ్చింది.

మన వాదాలు

1980ల నుంచి తెలుగు స్త్రీవాద సాహిత్యం ఈ వస్తువుల్ని నేరుగా ప్రశ్నించింది. జయప్రభ పైట మీద రాసిన కవిత ఎంత దుమారం లేపిందో మనందరికీ గుర్తే. ఓల్గా 'రాజకీయ కథలు'లో జడ, కళ్ళు, ముక్కుపుడక కథల పేర్లయ్యాయి. అలంకరణను రాజకీయం అనడమే ఆ కథల సాహసం. తర్వాత జూపాక సుభద్ర కొంగు మీద కవిత రాసింది. పనిచేసే ఆడదానికి కొంగు ఒక పనిముట్టు, దాన్ని తగలెయ్యమంటే ఎలా అన్న ప్రశ్న దళిత స్త్రీ నుంచి వచ్చింది. 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చింది. ముసుగు గురించి ముస్లిం స్త్రీ తనే మాట్లాడుతుందని, ఇంటివాళ్ళతోనూ బయటివాళ్ళతోనూ తనే తగువు పడుతుందని ఆ పేరే చెప్పింది. వీటిని ఒకరి మీద ఒకరు విసురుకున్న రాళ్ళుగా చదవడం అలవాటైంది. నాకు మాత్రం ఇవన్నీ ఒకే ప్రశ్నను వేరువేరు చోట్ల నిలబడి అడిగిన మాటలుగా కనిపిస్తాయి.

2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న విద్యార్థినుల్ని కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు. మార్చి 15న హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పారు. ఆ రోజుల్లో నన్ను చాలామంది మిత్రులు అడిగారు, ముసుగును సమర్థిస్తావా అని. నా జవాబు పదోరోజు తంతు దగ్గరే ఉంది. పరాయి చెయ్యి వచ్చి ఆడపిల్ల ఒంటిమీది వస్తువును తీయిస్తున్నప్పుడు, ఆ వస్తువు మంచిదా చెడ్డదా అన్నది రెండో ప్రశ్న. అదే పిల్ల రేపు ఇంట్లో దాన్ని తీసేస్తానంటే కూడా నేను ఆమె పక్కనే ఉండాలి. ఈ రెండు మాటలూ కలిపి అనలేకపోతే మన స్త్రీవాదం సగమే.

కాబట్టి ఏ వస్తువు గురించి మాట్లాడినా నేను మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. దీన్ని ఎవరు పెట్టారు? తీసేస్తానంటే, లేదా పెట్టుకుంటానంటే ఏం జరుగుతుంది? దీన్ని తయారుచేసిన మనిషికి ఇది పెట్టుకునే వీలుందా? మొదటి ప్రశ్న పెళ్ళి దగ్గరికీ, రెండోది కులం, మతం, ఉద్యోగం దగ్గరికీ, మూడోది కూలి దగ్గరికీ తీసుకెళ్తాయి. మూడింటికీ జవాబు చెప్పగలిగిన రోజున 'మీ స్టయిల్ మీ ఇష్టం' అన్న మాటకి అర్థం వస్తుంది. అందాకా అది దుకాణం వాళ్ళ మాట.

మన ఇళ్ళల్లో ఇంకా కొన్ని పెట్టెలున్నాయి. తాకట్టుకి వెళ్ళి వచ్చిన గాజులు, ఫీజుల కోసం అమ్మేసిన గొలుసు రసీదులు, ఒక్కసారీ వేసుకోని జోళ్ళు, అడుగంటిన పౌడరు డబ్బాలు. వాటి గురించి అమ్మల్ని, అత్తల్ని, మన ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళని, చెప్పులు కుట్టే ఇళ్ళ స్త్రీలని అడిగి రాసుకోవాలి. ఏది పెట్టుకున్నారని మాత్రమే కాదు, ఏది పెట్టుకోవాలనుకుని పెట్టుకోలేకపోయారని కూడా అడగాలి. రెండో జాబితాయే పొడుగ్గా ఉంటుందని నా నమ్మకం.